శుక్రవారం కాఫీ జున్ను

కుల్సుంకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. దర్జీ పెళ్ళానికి అంతకంటే ఏం కావాలని పుట్టింటివాళ్ళూ అనుకున్నారు, అత్తింటివాళ్ళూ అనుకున్నారు. ఆమె భర్త అబ్దుల్ రహీమ్ నరసరావుపేటలో వెంకటకృష్ణయ్య గారి బట్టల కొట్టు అరుగు మీద పద్నాలుగేళ్ళుగా మిషను వేసుకుని కూర్చున్నాడు. కొట్లో జాకెట్టు ముక్క కొన్న ఆడవాళ్ళు వెనక వీధిలో ఉన్న రహీమ్ ఇంటికొచ్చి కుల్సుం చేత కొలతలు తీయించుకుని పోతారు. పరాయి మగవాడు టేపు పట్టుకుంటే ఏ ఆడది నిలబడుతుంది? అందుకని ముప్పై రెండు, పద్నాలుగు, ఆరున్నర అంటూ చీటీల మీద అంకెలన్నీ కుల్సుమే వేస్తుంది. ఏ చీటీ ఎవరిదో తెలియడానికి ఆ జాకెట్టు గుడ్డ పీలిక ఒకటి దానికి గుచ్చుతుంది. ఇన్నేళ్ళలో ఒక్క జాకెట్టు కూడా బిగుతైందని తిరిగి రాలేదు.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్పడమంటే, అంకెలు వచ్చు గదా అన్న ఆ ధీమానే చివరికి ఆమె కొంప ముంచింది.

వెంకటకృష్ణయ్య గారి ఇంటి పెరటికీ రహీమ్ ఇంటి పెరటికీ మధ్య రొమ్మెత్తు గోడ, గోడకో చిన్న తలుపు. శెట్టిగారి భార్య రమాదేవితో కుల్సుంకు స్నేహం కలిసింది అక్కడే. రమాదేవిది సత్తెనపల్లి, పదో తరగతి దాకా చదివిన మనిషి, మాటకారి. పిల్లల్లేని ఇంట్లో పగలంతా అత్తగారు కనకలక్ష్మమ్మ ఎదుటే గడపాలి. కనకలక్ష్మమ్మది మహా మడి. కోడిపెట్ట పొరపాటున గోడ దూకి వస్తే, అది తిరిగిన మేరా పసుపునీళ్ళు చల్లించే రకం. అటువంటి ఇంట్లో గుడ్డు సంగతి చెప్పాలా!

ఎనభై ఆరు ఎండాకాలంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం జాకెట్టుకు హుక్కులు కుట్టించుకుందామని రమాదేవి ఆ తలుపులోంచి వచ్చింది. కనకలక్ష్మమ్మ అమ్మవారి గుడిలో పారాయణకు పోయింది. రహీమ్ జుమ్మా నమాజుకు పోయాడు. అతని ఇస్త్రీ పెట్టెలో మిగిలిన నిప్పులు చల్లారి దండగైపోకుండా కుల్సుం వాటిని ఒక దేగిసా మూత మీదికి ఎత్తుతోంది. దేగిసాలో ఇసక, ఇసక మీద నీళ్ళ గిన్నె, ఆ నీళ్ళలో వనస్పతి డబ్బా. డబ్బా అడుగున మాడ్చిన పంచదార పాకం, పైన మరిగించి చల్లార్చిన పాలలో గిలకొట్టిన గుడ్లు. గుంటూరులో పెద్ద డాక్టర్ల బంగళాలో వంట చేసిన మేనత్త నేర్పిన విద్య ఇది. పైనా కిందా సమంగా సెగ తగిలితే గంటకు గడ్డకడుతుంది. చల్లారాక బోర్లిస్తే జున్నులాగా వణుకుతూ పళ్ళెంలోకి దిగుతుంది.

"ఏందే ఈ వాసన, ప్రాణం లాగేస్తంది" అంది రమాదేవి.

"నీకు పనికిరాదులే అక్కా. గుడ్లు పడ్డయ్ ఇందులో."

"ఎన్నేంది?"

"నాలుగు."

రమాదేవి గోడ తలుపు వైపు ఒకసారి చూసింది. "గడియ పెట్టిరా. ఒక్క ముక్క పెట్టు" అంది.

ఇది గుర్తుంచుకోవాలి. రమాదేవి తెలియక తినలేదు, తెలిసి తింది. ఎన్ని గుడ్లో లెక్క అడిగి మరీ తింది. తిని, పళ్ళెంలో మిగిలిన పాకాన్ని వేలితో తుడుచుకుని నాకి, "ఇందులో కాఫీ పడితే ఎట్టా ఉంటదంటావే?" అంది.

కుల్సుం ఇంట్లో కాఫీ ఎరగరు, టీ మనుషులు. కాబట్టి ఆ తర్వాతి శుక్రవారం రమాదేవే ఫిల్టరులో దిగిన మొదటి డికాక్షను స్టీలు గిన్నెలో పోసి, మూత పెట్టి, కొంగు చాటున పట్టుకొచ్చింది. వేడివేడి డికాక్షను గుడ్లలో పోసేసరికి అదంతా అక్కడికక్కడే ఉడికి కోడిగుడ్డు పొరటులాగా తయారైంది. ఇద్దరూ నవ్వలేక చచ్చారు. రెండో వారం డికాక్షను పల్చనై కషాయం వాసన కొట్టింది. మూడో వారం రమాదేవి ఉత్సాహం కొద్దీ నురగ వచ్చేలా గిలకొట్టడంతో ముక్క కోస్తే లోపలన్నీ చిల్లులే. నాలుగో వారం మూత మీద నిప్పులు ఎక్కువై పైన మాడింది. ఐదో వారానికి గాని దాని కిటుకు చిక్కలేదు. పాలు ముప్పావు వంతుకు మరగాలి, డికాక్షను బాగా చల్లారాలి, గుడ్లు నురగ రాకుండా నిదానంగా కలపాలి, అంతా కలిసి మల్లు గుడ్డలో వడగట్టాలి. మల్లు గుడ్డకు దర్జీ ఇంట్లో కొదవేముంది?

ఆ శుక్రవారం చీపురు పుల్ల గుచ్చి తీస్తే శుభ్రంగా వచ్చింది. బోర్లిస్తే ఎక్కడా చిట్లకుండా, పైన పాకం కారుతూ, గంధం రంగులో దిగింది. నోట్లో పెట్టుకుంటే ముందు తీపి, వెనకే చిరుచేదు. కాఫీ వాసనంటే మొహం తిప్పుకునే కుల్సుం కూడా మూడు ముక్కలు తింది. మొదటివారం కొంగుతో ముక్కు మూసుకుని గుడ్డు పట్టుకున్న రమాదేవి ఇప్పుడు ఒంటిచేత్తో డబ్బా అంచుకు కొట్టి పగలేస్తోంది.

"ఈ కొలత పోతే మళ్ళీ చిక్కదే. రాసిపెడదాం" అని రమాదేవి గోడకున్న క్యాలెండరులోంచి అయిపోయిన నెల కాయితం చింపింది. కుల్సుం చెబుతూ ఉంటే వెనకవైపు పెన్సిలుతో రాసింది. పాలు ఒక చెంబు. పంచదార ఆరు చెంచాలు. గుడ్లు నాలుగు అన్నప్పుడు మాత్రం రమాదేవి పెన్సిలు ఆగింది. పెన్సిలు కొసను పెదవికి ఆనించుకుని, కుల్సుం మొహంలోకి చూసి నవ్వింది. కుల్సుం కూడా నవ్వింది. అప్పుడు రాసింది. డికాక్షను రెండు చిన్న గ్లాసులు.

"మా ఇంట్లో ఉంటే అత్తయ్య కంట పడుద్ది. నీ దగ్గరే దాచు. ఎవరికీ చూపించనని మాటివ్వు" అంది.

కుల్సుం మాటిచ్చింది. కాయితాన్ని కొలతల చీటీలుండే రేకు డబ్బాలో అడుగున పెట్టింది. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం రమాదేవి ఆ కాయితం పట్టుకుని, బళ్ళో పంతులమ్మలాగా రాగం తీసి చదివేది: "పాలూ ఒక చెంబూ, పంచదారా ఆరు చెంచాలూ, గుడ్లూ నాలుగూ, డికాక్షనూ రెండు గ్లాసులూ." కుల్సుం ఆమె భుజం మీదుగా తొంగి చూస్తూ వేలితో అంకెల వెంట పోయేది. ఒకటి, ఆరు, నాలుగు, రెండు. అన్నీ సరిపోయేవి. తన ఇంట్లో పుట్టిన వంటకు ఇలా కాయితం మీద జాగా దొరికినందుకు కుల్సుంకు లోలోపల గొప్పగానే ఉండేది.

కొన్నాళ్ళకు రమాదేవి ఒక ముక్కను డికాక్షను తెచ్చిన గిన్నెలోనే వేసుకుని ఇంటికి పట్టుకుపోవడం మొదలుపెట్టింది, రాత్రికి దొంగచాటుగా తింటానంటూ. అక్కడ జరిగింది కుల్సుంకు చాలా తర్వాత తెలిసింది. ఆనాడే తెలిసి ఉంటే ఆ వనస్పతి డబ్బాను ఆనాడే విసిరి పారేసేది. కోడలు వంటింటి మూల నిలబడి తింటుంటే అత్తగారు పట్టుకుంది. ఏందే అదంటే, కాఫీ జున్ను అత్తయ్యా, పాలబ్బాయి మొదటిపాలు పోశాడు, నేనే పెట్టా, అంది రమాదేవి. కనకలక్ష్మమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది. అంతే, ఆ రుచికి పడిపోయింది. ఊళ్ళో గేదెలన్నీ శుక్రవారం శుక్రవారం ఎట్లా ఈనుతున్నాయన్న అనుమానం కూడా ఆవిడకు రాలేదు.

శ్రావణానికి ముందు కనకలక్ష్మమ్మ అల్లుడు రామబ్రహ్మం గుంటూరు నుంచి వస్తున్నాడని కబురొచ్చింది. శుక్రవారం రమాదేవి పాలు రెండు చెంబులు తెచ్చి, "ఈసారి అన్నీ రెట్టింపు వెయ్యి" అంది.

"ఎవరికక్కా ఇంత?"

"మా అన్నయ్యగారికే. బయట అన్నీ తింటాడులే ఆయన, గుడ్డని తెలుసు."

కుల్సుం చెయ్యి ఆగింది. "పెద్దమ్మకు పెట్టవు గదా? ఆమె నిష్ట గల మనిషి. తెలవక తింటే ఆ ఉసురు నాకు తగులుద్ది."

"ఒట్టే. ఆమె ముందు గిన్నె కూడా తియ్యను."

ఒట్టు పెట్టి చెప్పిన మనిషిని కుల్సుం ఎందుకు అనుమానిస్తుంది? ఎనిమిది గుడ్లు పగలగొట్టారు. నాలుగింటిని కుల్సుం, నాలుగింటిని రమాదేవి.

శనివారం పన్నెండు దాటాక రహీమ్ అరుగు మీద మిషను వదిలేసి చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికొచ్చాడు. "ఏం పెట్టావే వాళ్ళకి? నిన్ను తీసుకురమ్మంటున్నారు" అన్నాడు. కుల్సుం కొంగు తల మీదికి లాక్కుని అతని వెంట నడిచింది.

వాళ్ళ పెరటి వరండాలో అందరూ ఉన్నారు. కనకలక్ష్మమ్మ తలారా స్నానం చేసి తడి జుట్టుతో పీట మీద కూర్చుంది. శనివారం ఆవిడ ఒంటిపొద్దు ఉంటుంది. అన్నం ముట్టదు గనక అల్లుడితోపాటు కాఫీ జున్నే పలహారంగా రెండుసార్లు వడ్డించుకుని తింది. అల్లుడు ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఇది జున్నేందత్తయ్యా, గుడ్డు గదా! రైలు క్యాంటీన్లో ఇదే పెడతారు" అనేశాడు. ఆ క్యాంటీన్లో తనకేం పని అని ఎవరైనా అడుగుతారేమోనని ఇప్పుడు తల దించుకుని కూర్చున్నాడు. రమాదేవి స్తంభం చాటున కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"ఏమే కుల్సుం" అంది కనకలక్ష్మమ్మ. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "అరవై ఏళ్ళ నిష్ట నాది. ఏం పాపం చేశానే నీకు?"

కుల్సుం రమాదేవి వైపు చూసింది. చెబుతుందని చూసింది. తప్పు నాదే అత్తయ్యా అనకపోయినా, ఆమె తప్పేం లేదు అన్న ఒక్క మాట అంటుందని ఎదురుచూసింది.

"నాకేం తెలుసత్తయ్యా" అంది రమాదేవి, ముక్కు ఎగబీలుస్తూ. "నాకు చేతగాక ఆమె దగ్గర చేయించి తెచ్చా, నేనే చేశానని అబద్ధమాడా, అంతవరకే నా తప్పు. కోవాతో చేశానంది. నమ్మా."

"అక్కా!" అంది కుల్సుం.

వెంకటకృష్ణయ్య గారు కుల్సుం వైపు చూడలేదు. రహీమ్‌తో అన్నాడు. "పద్నాలుగేళ్ళు చూశా నిన్ను రహీమ్, నీ మీద చానా నమ్మకం నాకు. కానీ మీ ఆవిడ దాచిపెట్టి మా అమ్మ చేత గుడ్డు తినిపించిందంటే, రేపటి నుంచి నా అరుగు మీద నీ మిషను ఉండదు."

రహీమ్ మొహం చూసింది కుల్సుం. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. చేతులు రెండూ దాని కొసలు పట్టుకుని నలుపుతున్నాయి.

"అక్కకు అంతా తెలుసు అయ్యా. గుడ్లు అక్కే పగలగొట్టింది" అంది చివరికి. "కాయితం కూడా ఉంది. అక్క చేత్తో రాసిందే."

ఇంటికి పరుగెత్తింది. రేకు డబ్బా మూత తీసి, చీటీల కిందనుంచి ఆ కాయితం పైకి తీశాక ఒక్క క్షణం ఆగింది. ఎవరికీ చూపించనని మాటిచ్చింది గదా. ఇప్పుడిది చూపిస్తే రమాదేవి బతుకు ఆ ఇంట్లో ఏమవుతుంది? పాపం దొరికిపోతుందే అని, వెర్రి కుల్సుం, ఆమె కోసం జాలిపడింది. కళ్ళు తుడుచుకుని, కాయితం పట్టుకుని వెళ్ళింది.

వెంకటకృష్ణయ్య గారు జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. రాత తన భార్యదేనని తల ఊపాడు. పైకి చదివాడు. "పాలు ఒక చెంబు. పంచదార ఆరు చెంచాలు. కోవా నాలుగు ఉండలు. డికాక్షను రెండు చిన్న గ్లాసులు."



"ఇంకోసారి చదవండయ్యా" అంది కుల్సుం. "నాలుగు ఉన్న కాడ సరిగ్గా చూడండి."

"కోవా నాలుగు ఉండలు. ఇందులో గుడ్డు మాటే లేదమ్మా."

కుల్సుం ఆ కాయితం అందుకుని రహీమ్ చేతిలో పెట్టింది. రహీమ్ కూడబలుక్కుని చదివి, తల అడ్డంగా ఊపాడు. అప్పుడామె స్తంభం దగ్గరికి నడిచింది. "అక్కా, నువ్వు చదువు. శుక్రవారం చదివినట్టు చదువు" అని కాయితం చాచింది.

రమాదేవి కొంగు దించి కాయితం తీసుకుంది. చదివింది. "పాలూ ఒక చెంబూ, పంచదారా ఆరు చెంచాలూ, కోవా నాలుగు ఉండలూ, డికాక్షనూ రెండు గ్లాసులూ." అదే గొంతు, అదే రాగం. ఎక్కడా తడబడలేదు.

"దేని మీద ప్రమాణం చెయ్యమన్నా చేస్తా పెద్దమ్మా" అంది కుల్సుం. ఆ మాట తన చెవులకే ఎక్కడో దూరంగా వినబడింది.

"నువ్వు చెప్పిందే గదే అది రాసింది" అంది కనకలక్ష్మమ్మ. "చెప్పేది కోవా, వేసేది గుడ్డు. పైగా ఆ కాయితం పట్టుకుని నా ఇంటికే సాక్ష్యానికొచ్చావు. పో తల్లీ, పో."

ఆ సాయంత్రమే రహీమ్ మిషనును అరుగు మీద నుంచి దించి రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. పద్నాలుగేళ్ళు మిషను కాళ్ళు ఆనిన చోట అరుగు మీద నాలుగు గుంటలు పడ్డాయట. ఆ సంగతి ఒక్కటే చెప్పాడు. అన్నం తినేటప్పుడు మాత్రం, "ఒక్కసారి నాకు చూపిస్తే చదివి చెప్పేవాడిని గదే" అన్నాడు.

"ఎవరికీ చూపించనని మాటిచ్చా."

గిన్నెలు కడిగొచ్చాక కుల్సుం అతని పెట్టెలోంచి బట్ట మీద గీతలు గీసే సుద్దముక్క తీసి చేతికిచ్చింది. "గుడ్లు నాలుగు అని రాయండి" అంది.

రహీమ్ గచ్చు మీద రాశాడు. కుల్సుం దాని పక్కనే క్యాలెండరు కాయితం పరిచి, దీపం దగ్గరికి జరుపుకుని, రెండిటినీ మార్చి మార్చి చూసింది. పోలికే లేదు. చిన్నపిల్లలు కూడా వేరని చెప్పగలిగినంత తేడా. వారం వారం ఆ వరుస మీద తన వేలే పోయింది గదా! ఒక్క నాలుగు అంకె మాత్రం రెండు చోట్లా ఒకేలా ఉంది. అప్పుడు ఏడ్చింది కుల్సుం. మిషను పోయినందుక్కాదు. స్నేహం అప్పుడప్పుడే చిగురిస్తున్న ఆ రోజే, తన మొహంలోకి చూసి నవ్వుతూ, ఎప్పటికైనా దొరికితే దీన్ని ముందుకు తోసి నేను తప్పుకోవాలని ఆ మనిషి దారి చూసిపెట్టుకుంది. ఆ నవ్వుకు తను కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఒంటి మీద తేళ్ళు పాకినట్టు ఉంది.

తర్వాతి శుక్రవారం రహీమ్ బస్టాండు దగ్గర టీ హోటలు పంచన కొత్త జాగా చూసుకుని, అటునుంచటే నమాజుకు పోయాడు. కుల్సుం పెరట్లో బట్టలు ఆరేస్తోంది. గోడ తలుపుకు ఇప్పుడు అవతలివైపు తాళం పడింది. గోడ మీదుగా రమాదేవి తల కనబడింది. చేతిలో మూత పెట్టిన అదే డికాక్షను గిన్నె. గోడ మీద పెట్టింది.

"అత్తయ్య గుడికి పోయింది" అంది మెల్లగా. కుల్సుం తాడు మీద చీర సర్దుతూనే ఉంది. "నా మీద కోపంగా ఉందని తెలుసే. నేనేం చెయ్యనే, నిజం ఒప్పుకుంటే నన్ను సత్తెనపల్లి బస్సెక్కించేవాళ్ళు. ఆ కాయితం నీ మీదికి రావాలని రాయలేదు. ఎవరి చేతైనా పడుద్దేమోనని భయపడి అట్టా రాశా. అంతే."

కుల్సుం వెనక్కి తిరిగింది.

"రాసేటప్పుడు భయపడ్డావు, సరే. మరి చదివేటప్పుడు? నా భుజానికి భుజం ఆనించి, లేని గుడ్లు నాలుగు వారం వారం చదివావు గదక్కా. అప్పుడు ఎవరికి భయపడ్డావు?"

కుల్సుం ఖాళీ బకెట్టు తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఇస్త్రీ పెట్టెలో ఆ రోజు మిగిలిన నిప్పులు వాటంతట అవే చల్లారిపోయాయి.

కిటికీలోంచి చూస్తే గిన్నె గోడ మీదే ఉంది. ఎండ దిగేదాకా అలాగే ఉంది. కనకలక్ష్మమ్మ గుడి నుంచి వచ్చే వేళకు రమాదేవి గబగబా వచ్చి, అటూ ఇటూ చూసి, దాన్ని కొంగు చాటున పెట్టుకుని వెళ్ళిపోయింది.